వాకిట్లో మాట్లాడకూడదు

పొద్దున పూజలో సొలాంజ్ దేవుణ్ణి ఓపిక అడిగింది. ఊరు చూడవచ్చినవాళ్ళని తిప్పి చూపించడం ఆమె పని గనుక రోజూ అడిగేదే. ఆ మంగళవారం మాత్రం మోకాళ్ళు నొప్పి పుట్టేదాకా అడిగింది. పూజ ముగిసి, సెయింట్ జాన్ పెద్ద చర్చి మెట్లు దిగి, తన ఎర్ర గొడుగు తెరిచేసరికి దేవుడు ఆమెకి ఒనొరేని పంపించాడు.

"అమ్మాయ్, వాన లేదు, ఎండా లేదు. గొడుగెందుకు? మీ లియాన్ వాళ్ళకి ఆకాశం మీద కూడా నమ్మకం లేదా?"

సొలాంజ్‌కి యాభై దాటాయి. ఆమెని అమ్మాయ్ అని పిలిచేవాళ్ళు ఈ మధ్య భూమ్మీద ఎవరూ మిగల్లేదు. "గొడుగు వానకి కాదండీ, మీకు నేను కనబడ్డానికి," అంది నవ్వు తెచ్చుకుని.

"కనబడకపోయినా ఫరవాలేదులే. వినబడుతున్నావుగా, నదికి అవతలి ఒడ్డు దాకా!"

వెనక నిలబడ్డవాళ్ళంతా ఘొల్లుమన్నారు. వాళ్ళు సెంటెటియెన్ అనే ఊరి పక్కన ఒక చిన్న చర్చిలో ఆదివారాలు పాడే పాటబృందం. అందరూ ఉద్యోగాలు విరమించినవాళ్ళే. బృందానికి పెద్ద జినెట్ అనే పొట్టి ఆవిడ. ఒనొరే ఆవిడకి తమ్ముడు. సైకిళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసి దిగిపోయాక ప్రపంచంలో ప్రతి వస్తువునీ సైకిలు విప్పినట్టు విప్పి చూడకపోతే తోచని మనిషి. లియాన్‌కీ సెంటెటియెన్‌కీ మధ్య రైల్లో గంట ప్రయాణం కూడా లేదు. కాని ఆ ఊరివాడు ఈ ఊళ్ళో అడుగుపెడితే అత్తారింట్లో అలిగిన అల్లుడే. ప్రతిదానికీ వంక పెట్టాలి.

ఒనొరే పెట్టాడు. రాళ్ళ వీధి చూసి, "ఇన్ని వందల ఏళ్ళనుంచీ చదును చేయించుకోలేకపోయారా?" అన్నాడు. పట్టు వర్తకుల పాత మేడలు చూపిస్తే, "మా ఊళ్ళో నేసే రిబ్బన్లు లేకపోతే మీ పట్టుమూటలకి ముడి ఎవరు వేసేవారంట?" అన్నాడు. పైన ఫుర్వియేర్ కొండమీద బంగారు మరియమ్మ తల్లిని చూపిస్తే మాత్రం టోపీ తీసి శిలువ గుర్తు వేసుకున్నాడు. సొలాంజ్ మనసు కాస్త మెత్తబడింది. అంతలోనే, "తల్లి మొహం మా ఊరివైపు తిరిగి ఉందేం?" అన్నాడు.

"తిరిగిలేదండీ."

"జాగ్రత్తగా చూడమ్మాయ్."

ఇంకొకావిడ కనబడ్డ ప్రతి గుళ్ళోకీ దూరి కొవ్వొత్తి వెలిగించి వస్తోంది. ఇద్దరు మగవాళ్ళు సాసేజి కొట్టు ముందు ఆగి, అది తమ ఊళ్ళో దొరికేదే, కాకపోతే ఇక్కడ ఎక్కువ ధర అని తేల్చుకునేదాకా కదల్లేదు. సొలాంజ్ గొడుగు పట్టుకుని గొర్రెల కాపరిలా వెనక్కీ ముందుకీ తిరుగుతూనే ఉంది. మామూలు రోజైతే ఇదంతా నవ్వుకుని వదిలేసేది. అది మామూలు రోజు కాదు.

వీధి మలుపులో ఒక ఆకుపచ్చ తలుపు ఉంది. ఆ తలుపు తోసుకుని వెళితే ఇంటి కడుపులోంచి చీకటి నడవ, నడవ దాటితే ఆకాశం కనబడే వాకిలి, వాకిట్లో చుట్టుమెట్ల గోపురం, అంతస్తంతస్తుకీ కమానుల వసారాలు. మళ్ళీ నడవ, మళ్ళీ ఇంకో వాకిలి, చివరికి అవతలి వీధి. ఇలాంటి దారుల్ని ఆ ఊళ్ళో ట్రబూల్ అంటారు. ఊరు చూడవచ్చినవాళ్ళు అన్నీ మర్చిపోయినా ఇది మర్చిపోరు. కాని అది వీధి కాదు, ఇల్లు. పైన మనుషులు కాపురం ఉంటారు, బట్టలారేస్తారు, జబ్బు పడతారు, పోట్లాడుకుంటారు. పగటిపూట దారి వదులుతామని ఎప్పుడో ఒప్పుకున్నారు గనుక వదులుతున్నారు. అది వాళ్ళ మర్యాద. దారిన పోయేవాళ్ళు చూపించాల్సిన మర్యాద ఒక్కటే. గొంతు తగ్గించి నడవాలి.

ఆ మర్యాద తప్పినచోటల్లా తలుపులు మూసుకున్నాయి. సొలాంజ్ ఈ పని మొదలుపెట్టినప్పుడు చూపించిన దారుల్లో ఇదొక్కటి తప్ప అన్నిటికీ ఇప్పుడు తాళాలే. ఈ ఆకుపచ్చ తలుపు ఒక్కటీ పోతే ఆమె నడకలో చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. బయటి గోడలు చూసుకోవడానికి మనిషి తోడెందుకు?

పోయిన వారం రొట్టెల కొట్టు దగ్గర ఆ ఇంటి మొదటి అంతస్తులో ఉండే జోస్రాన్‌గారు ఎదురుపడ్డారు. బిగించి కట్టిన జుట్టు, బిగించి పట్టిన పెదవులు. "మంగళవారం సాయంత్రం ఇంటివాళ్ళం కూర్చుంటున్నాం, తలుపు సంగతి తేల్చడానికి," అన్నారు. "నేను మూసెయ్యమనే చెబుతాను. ముఖం మీదే చెప్పడం మంచిదని చెబుతున్నా." సొలాంజ్ ఏదో అనబోయేలోపు రొట్టె చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ రోజుకి ఆ ఇంటి జోలికే పోకుండా ఉంటే? అదీ ఆలోచించింది. కాని ముఖం చాటేస్తే తప్పు ఒప్పుకున్నట్టే. ఇవాళే వెళ్ళాలి. చీమ చిటుక్కుమనకుండా వెళ్ళాలి. కిటికీలోంచి జోస్రాన్‌గారు చూడాలి. సాయంత్రం మూసెయ్యమనడానికి ఆవిడకి నోరు రాకూడదు. అందుకే పొద్దున మోకాళ్ళు అరగదీసుకుంది. తీరా చూస్తే, వచ్చినవాళ్ళు నోరు తెరవడమే పనిగా పెట్టుకున్న పాటబృందం! దేవుడి లెక్కలు దేవుడివి.

తలుపు ముందు అందరినీ దగ్గరికి పిలిచింది.

"అమ్మల్లారా, అయ్యల్లారా, మీకు దణ్ణం పెడతాను. లోపల మాట వినబడకూడదు. దగ్గు వస్తే ఇక్కడే దగ్గండి. ఫోన్లు కట్టేయండి. పాట అసలే వద్దు."

"రాయి గోడలంటున్నావు, కమానులంటున్నావు," అన్నాడు ఒనొరే. "గొంతు గంటలా మోగుతుంది కదా అక్కడ! ఒక్క చిన్న స్తోత్రం..."

"ఒరేయ్ ఒనొరే," అంది జినెట్, "ఆవిడ వద్దంటే వద్దు. నువ్వు పాడితే ఇంట్లోవాళ్ళు కాదు, గోడలే లేచి పారిపోతాయి." తర్వాత సొలాంజ్ చెయ్యి పట్టుకుంది. "నువ్వు దిగులుపడకమ్మా. నలభై ఏళ్ళనుంచీ వీళ్ళకి నేర్పిస్తున్నది ఎప్పుడు పాడాలో కాదు, ఎప్పుడు ఆపాలో. నామీద వదిలెయ్."

సొలాంజ్ తలుపు పక్కన పైనున్న మీట నొక్కింది. పగలు ఎవరొచ్చినా ఆ మీట నొక్కితే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. దాని కిందున్నవి ఇళ్ళ గంటలు. పైదే నొక్కాలి, కింది వాటిని ముట్టుకోకూడదని ఆ పేటలో చంటిపిల్లలకి కూడా తెలుసు. తలుపు బరువుగా తెరుచుకుంది, చీకటి నడవలోకి ఒకరి వెనక ఒకరు నడిచారు, తలుపు బరువుగా మూసుకుంది.

జినెట్ మాట నిలబెట్టింది. చెయ్యి కాస్త పైకెత్తి, పాట ఆఖర్న చేసినట్టు రెండు వేళ్ళు కలిపింది, అంతే. ఒక్కరూ కిమ్మనలేదు. కొవ్వొత్తులావిడ చెప్పులు చేత్తో పట్టుకుని మేజోళ్ళతో నడిచింది. సొలాంజ్ కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళలో ఇలాంటి మనుషుల్ని ఈ వాకిట్లోకి తీసుకురాలేదు. పొద్దుటినుంచీ లోలోపల తిట్టుకున్న తిట్లన్నిటికీ అక్కడికక్కడే క్షమాపణ చెప్పుకుంది, దేవుడికి.

వాకిలి మధ్యలో నిలబడి, గొంతు బాగా తగ్గించి, తన కథ చెప్పింది. గోపురం ఎవరు కట్టించారో, వసారాలు ఎందుకు కట్టారో. అన్నీ అయ్యాక, ఎప్పటిలాగే, ఒక్క క్షణం ఆగి, గొడుగు కొన నేలకి ఆనించి అంది:

"ఈ దారులు పట్టు తడవకుండా మోసుకుపోవడానికని పుస్తకాల్లో రాస్తారు. నమ్మకండి. అత్తగారు ఈ గుమ్మంలోంచి వస్తుంటే అల్లుడు ఆ గుమ్మంలోంచి పారిపోవడానికి!"

అందరూ నిశ్శబ్దంగా నవ్వారు. భుజాలు ఊగాయి గాని చప్పుడు లేదు. సొలాంజ్ మొదటి అంతస్తు కిటికీ వైపు చూసింది. తెర కదిలింది. చూస్తున్నారు. చూడండి, బాగా చూడండి, అనుకుంది.

అప్పుడు మోగింది గంట.

మొదట కింది ఇంట్లో. తర్వాత దాని పై ఇంట్లో. తర్వాత ఒకేసారి మూడు నాలుగు ఇళ్ళల్లో. రాతి వాకిట్లో ఆ మోత అగ్గి అంటుకున్నప్పుడు మోగించే గంటల్లా తిరిగింది. ఇళ్ళల్లో గోడలకున్న ఇంటర్‌కమ్ మాటలపెట్టెల్లోంచి గొంతులు లేచాయి.

"ఎవరూ?"

"నేనండీ, ఒనొరే!"

"ఏ ఒనొరే?"

"సెంటెటియెన్ ఒనొరేని! మావాళ్ళు లోపలున్నారు. తలుపు మూసుకుపోయింది!"

"ఏ ఇల్లు కావాలి మీకు?"

"ఏ ఇల్లూ వద్దండీ. నాకు మా అక్క కావాలి!"

మూడో అంతస్తులో కిటికీ భళ్ళున తెరుచుకుంది. ఎక్కడో పసిబిడ్డ ఏడుపు లంకించుకుంది. ఇంకెక్కడో కుక్క. సొలాంజ్ నడవలోకి పరిగెత్తి తలుపు లాగింది. గుమ్మంలో ఒనొరే నిలబడి ఉన్నాడు, చేతిలో రంగుకాగితం చుట్టిన పెట్టె, మీసానికి గులాబీరంగు పంచదార.

"మీ ఊరి బాదం టార్ట్ తెద్దామని ఆగాను," అన్నాడు లోపలికి వస్తూ. "బాగుందమ్మాయ్. తీపి కొంచెం ఎక్కువ. ఏ మీట నొక్కాలో చెప్పవేం? అన్నీ నొక్కాల్సి వచ్చింది."

పొద్దుటినుంచీ దాచుకున్న ఓపిక ఎక్కడ పోయిందో సొలాంజ్‌కి తెలియదు. అరికాలి మంట నెత్తికెక్కింది. అతని వెనకే వాకిలి మధ్యలోకి వచ్చింది.

"ఏం మనిషండీ మీరు!" అని అరిచింది. "ఒక్క తలుపు! ఒక్క పది నిమిషాలు! పసిపిల్లలు ఉన్నారు, పడుకున్నవాళ్ళు ఉన్నారు, ఇది సంత కాదు, మనుషులుండే ఇల్లు అని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా? పొద్దుటినుంచీ నా తల ప్రాణం తోకకి తెచ్చారు! మీ సైకిళ్ళూ, మీ రిబ్బన్లూ, మీ మరియమ్మ మొహం ఎటు తిరిగితే నాకేం! నోరు మూసుకుని నడవడం అంత కష్టమా ఒక మనిషికి?"

మనిషికి, మనిషికి, అంది గోపురం. నిజంగానే ఆ వాకిట్లో గొంతు గంటలా మోగుతుంది.

మోత సద్దుమణిగాక చూస్తే పసిబిడ్డ కూడా ఏడుపు ఆపేసింది. పాటబృందం అంతా నిశ్శబ్దంగా ఆమెనే చూస్తోంది. జినెట్ మెల్లగా చూపుడువేలు తన పెదవుల మీద పెట్టుకుంది. హెచ్చరిక సొలాంజ్‌కే.

చుట్టుమెట్ల మీద చెప్పుల చప్పుడు. జోస్రాన్‌గారు దిగివస్తున్నారు. వంటింటి ఏప్రన్, చేతికి పిండి. సొలాంజ్ ఎదురు వెళ్ళింది.

"అమ్మగారూ, మన్నించండి," అంది. "వీళ్ళు బయటివాళ్ళు, తెలియక... ఎంత చెప్పినా ఈయన..."

"ఈయన గంట నొక్కాడు," అన్నారు జోస్రాన్‌గారు. "నొక్కితే మోగుతుంది, అందుకే పెట్టించాం. ఏడాదికోసారి ఎవడో ఒకడు నొక్కుతూనే ఉంటాడు. వీళ్ళంతా పిల్లుల్లా నడిచారు, పైనుంచి చూశాను. ఆవిడైతే పాపం చెప్పులు చేత్తో పట్టుకుంది. నాకు వీళ్ళతో పేచీ లేదు."

"మరి..."

"నా పేచీ మీతో."

సొలాంజ్ వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా ఉన్నారేమోనని.

"మా వంటిల్లు అదిగో," అని వేలెత్తి చూపించారు. "మీరు నిలబడే చోటికి సరిగ్గా పైన. పదకొండేళ్ళనుంచీ రోజూ ఇదే వేళకి ఇదే కథ. ఎవరు కట్టించారో, ఎందుకు కట్టించారో. అక్కడ ఆగుతారు. గొడుగు కొన టక్కుమని ఆనిస్తారు. తర్వాత అత్తగారు ఈ గుమ్మంలోంచి, అల్లుడు ఆ గుమ్మంలోంచి. మొదట్లో ఆ అత్తగారు నేనేనేమో అనుకున్నాను, మా కూతురూ అల్లుడూ నాతోనే ఉంటారు గనుక. తర్వాత తెలిసింది, అందరికీ అదే చెబుతారని. మా అల్లుడు కాఫీ తాగుతూ మీతోపాటే ఆ మాట అంటాడు. మీకంటే ఒక్క క్షణం ముందే అంటాడు. చెంచా టక్కుమనిపిస్తాడు కూడా. పదకొండేళ్ళమ్మా! ఎండాకాలంలో కిటికీ తెరవడమే మానేశాను."

"నేను గొంతు తగ్గించే చెబుతానండీ," అంది సొలాంజ్. తనకే వినబడనంత మెల్లగా.

"అదే పాట మెల్లగా పాడినా రోజూ వింటే ఎలా ఉంటుందో వీళ్ళనడగండి."

"చచ్చే చావుగా ఉంటుంది," అంది జినెట్ వెంటనే. అని, నాలిక కరుచుకుంది.

ఒనొరే గొంతు సవరించుకున్నాడు. "తల్లీ, తప్పు నాది. ఈ అమ్మాయి మంచిది. నోరు కొంచెం పెద్దది, అంతే. టార్ట్ తీసుకుంటారా?"

జోస్రాన్‌గారు పెట్టె వైపు చూశారు. "ఏ కొట్లోది?"

"ఆ మూలనున్న కొట్లోది."

"అక్కడ కొనకూడదు," అన్నారు. కాని బిగించిన పెదవులు కొంచెం సడలాయి. సొలాంజ్ వైపు తిరిగారు. "సాయంత్రం మూసెయ్యమనే చెబుదామనుకున్నాను. ఇప్పుడు ఇంకోసారి చూసి తేల్చుకుంటాను. ఇక్కణ్ణించి అవతలి వీధి తలుపు దాకా వీళ్ళని తీసుకెళ్ళండి, ఒక్క మాట మాట్లాడకుండా. నేను వెనకే వస్తాను. మీరలా నడవగలిగితే, రోజూ అలాగే నడుస్తానంటే, తలుపు ఉంచమంటాను. లేదా, మీకూ మాకూ నమస్కారం."

సొలాంజ్ తల ఊపింది. ఇంకేం చేస్తుంది? కథ చెప్పకుండా దారి చూపించడమంటే పప్పు లేకుండా పప్పుచారు కాచడమే. కాని తలుపే లేకపోతే కుండే లేదు.

కదిలారు. ముందు గొడుగు, వెనక బృందం, అందరి వెనక చేతులు కట్టుకుని జోస్రాన్‌గారు. రెండో నడవ బాగానే గడిచింది. రెండో వాకిలి మొదటిదానికంటే పాతది, గిలకబావి ఒకటి, గోడలో చెక్కిన సింహం తల ఒకటి. దాని గురించి సొలాంజ్‌కి తెలిసినంత ఆ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. మాటలు గొంతుదాకా వచ్చి నిలబడ్డాయి. మింగింది.

ఆ ఖాళీ ఒనొరేకి కనబడింది. చుట్టూ చూశాడు. ఆయన్ని మాట్లాడవద్దని జోస్రాన్‌గారు అనలేదు మరి.

"ఇదిగో ఈ సింహం తల ఉందే," అన్నాడు బృందంతో, గుళ్ళో పాపాలు ఒప్పుకునేవాడంత మెల్లగా, "దీని నోట్లో గుర్రం కళ్ళెం కట్టేవారు. మరి గుర్రాలు ఎటునుంచి వచ్చాయంటారు? మావైపునుంచే. రిబ్బన్లు మోసుకుని."

సొలాంజ్ ఆగిపోయింది. అది గుర్రానిదీ కాదు, గాడిదదీ కాదు. పైకప్పు మీద పడ్డ వాననీళ్ళు ఆ నోట్లోంచి పడేవి.

"నిజమేనా అమ్మా?" అంది కొవ్వొత్తులావిడ, గుసగుసగా. అందరూ సొలాంజ్ వైపు తిరిగారు. అందరి వెనకనుంచి జోస్రాన్‌గారు కూడా చూస్తున్నారు.

అవునంటే అబద్ధం. కాదంటే తలుపు పోతుంది. తల అడ్డంగా ఊపినా అది మాట కిందికే వస్తుందేమో! సొలాంజ్ గొడుగు పిడి రెండు చేతులా పట్టుకుని నిలబడింది. దవడలు నొప్పిపుట్టాయి. మఠాల్లో ఉండే సన్యాసినులు బతుకంతా మాటలేకుండా ఎలా ఉంటారో అని ఎప్పుడూ ఆశ్చర్యపడేది. వాళ్ళ పక్కన ఒనొరే ఉండడు, అందుకే ఉండగలుగుతారు. ఇలా పళ్ళు బిగపట్టి నోరు మూసుకోవడాన్ని కూడా దేవుడు మౌనమనే రాసుకుంటాడా? రాసుకుంటే ఆయన దయ. ఆమె మటుకు రాసుకోమని అడగలేదు.

ఆమె జవాబు చెప్పకపోయేసరికి ఎవరూ మాట్లాడలేదు. ఒనొరే కూడా, తర్వాత ఏం కల్పించాలో తోచక ఆగాడు. అప్పుడు వినబడింది. పై అంతస్తులో ఎవరో గిన్నెలు కడుగుతున్నారు. పసిబిడ్డని ఎవరో ఊపుతూ రాగం తీస్తున్నారు. బావిలోకి ఎక్కడినుంచో ఒక్కొక్క చుక్కా నీళ్ళు పడుతున్నాయి, చాలా లోతుకి. ఆ బావిలో నీళ్ళున్నాయని సొలాంజ్‌కి తెలియదు. ఎండిపోయిందని రోజూ అందరికీ చెబుతూ వచ్చింది.

జినెట్ కళ్ళు మూసుకుని వింటోంది. ఆమె వేళ్ళు తాళం వేస్తున్నట్టు కదులుతున్నాయి.

సొలాంజే మొదట కదిలింది. చివరి నడవ చీకటి. జోస్రాన్‌గారు అందర్నీ దాటుకుని ముందుకి వచ్చి, పిండి చేత్తోనే అవతలి వీధి తలుపు తెరిచి పట్టుకున్నారు. ఒక్కొక్కరూ ఆవిడకి తల వంచి బయటికి దిగారు. ఒనొరే టోపీ తీశాడు. సొలాంజ్ ఆఖర్న వచ్చింది, ముఖం ఎర్రబడి, పెదవులు బిగించి.

"రేపు కొంచెం పొద్దెక్కాక రండి," అన్నారు జోస్రాన్‌గారు. "మా అల్లుడికి సెలవు, లేటుగా లేస్తాడు."

రేపు! సొలాంజ్ నోరు తెరవబోయి, తన కాళ్ళు ఇంకా గడప లోపలే ఉన్నాయని చూసుకుని, తల మాత్రం వంచింది. గడప దాటింది. వెనక తలుపు బరువుగా మూసుకుంది.

వీధిలో ఎండ, మనుషులు, ఎక్కడో అకార్డియన్. సొలాంజ్ గుండెనిండా ఊపిరి పీల్చుకుంది.

"వాననీళ్ళకి!" అంది. గట్టిగానే అంది. "ఆ సింహం నోరు వాననీళ్ళు పడ్డానికి! గుర్రానికీ దానికీ ఏ సంబంధమూ లేదు!"

"అదేగా నేనూ అన్నది," అన్నాడు ఒనొరే, టార్ట్ పెట్టె తెరుస్తూ. "వానొస్తే గుర్రాలు తడుస్తాయి కదమ్మాయ్. ముక్క తీసుకుంటావా?"